లివర్ కోసం వేసుకున్న క్యాప్సూలే లివర్‌ని దెబ్బతీసింది: పురుగుమందు కొట్టే ఒకతని కేసు

పేషెంట్‌ని అడిగి, ఆయన సరేనన్నాకే ఇది రాస్తున్నాను. ఆయనెవరో తెలిసిపోయే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. వైద్యానికి సంబంధించిన క్రమం మాత్రం జరిగింది జరిగినట్టే ఉంది, అందులో నేను చేసిన తప్పు కూడా.

నేను పని వల్ల వచ్చే జబ్బులు చూస్తుంటాను. పురుగుమందులు కొట్టేవాళ్లు, కలిపేవాళ్లు, గోడౌన్లలో పనిచేసేవాళ్లు ఎక్కువగా వస్తారు. గత కొన్నేళ్లుగా వీళ్లలో చాలామంది జేబులోంచి ఏదో ఒక క్యాప్సూల్ సీసా బయటికొస్తోంది. మొక్కల యాంటీఆక్సిడెంట్లు పురుగుమందు విషం నుంచి లివర్‌ని, కిడ్నీలని, మెదడుని కాపాడతాయని ఎవరో చెప్పుంటారు, లేదా ఫోన్‌లో చదివుంటారు. అలా చెప్పేవాళ్లది పూర్తిగా అబద్ధం కాదు, ఇబ్బందంతా అక్కడే ఉంది.

వచ్చినప్పటి పరిస్థితి

నలభై దాటిన మనిషి. పండ్ల తోటల్లో కూలికి మందు కొట్టే పని, ఆరేడేళ్లుగా అదే. సీజన్‌లో వారానికి నాలుగైదు రోజులు వీపుకి స్ప్రేయర్ తగిలించుకునే ఉంటాడు. కొట్టే మందుల్లో ఎక్కువ ఆర్గానోఫాస్ఫేట్లు, అంటే పురుగుల నరాలని దెబ్బతీసే రకం. తాగుడు లేదు, షుగర్ లేదు, డాక్టర్లు రాసిచ్చిన మందులేవీ వాడట్లేదు.

రెండు నెలలుగా మందు కొట్టిన రోజు సాయంత్రం తలనొప్పి, వికారం, నోట్లో నీళ్లూరడం, రాత్రి నిద్ర పట్టకపోవడం. పని లేని రోజు ఇవేవీ ఉండవు. దీనికి తోడు చివరి రెండు వారాలుగా ఆకలి చచ్చిపోయింది, ఒళ్లంతా దురద, అడుగు వేస్తే నీరసం. ఇవి మాత్రం పని ఉన్నా లేకపోయినా వదలట్లేదు. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఈ రెండు గుంపుల లక్షణాలూ వేరువేరని స్పష్టంగా కనిపిస్తోంది, కానీ ఆ రోజు నేను రెండింటినీ కలిపి ఒకే కాగితం మీద ఒకే జబ్బుగా రాసుకున్నాను.

రిపోర్టులు: లివర్ ఎంజైములు ఎస్‌జీపీటీ 214, ఎస్‌జీఓటీ 148 (రెండూ నార్మల్ కంటే బాగా ఎక్కువ), బిలిరుబిన్ 1.1, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ నార్మల్, రక్తం గడ్డకట్టే టైము నార్మల్. హెపటైటిస్ ఏ, బీ, సీ, ఈ అన్నీ నెగెటివ్. ఆటోఇమ్యూన్ పరీక్షలు నెగెటివ్. స్కాన్‌లో కొవ్వు గానీ రాళ్లు గానీ లేవు. ఒళ్లు హూనమయ్యే పని కాబట్టి ఈ ఎంజైములు కండరాల నుంచి వచ్చాయేమోనని కండరాల ఎంజైము సీపీకే కూడా చూశాను, అదీ నార్మలే. అంటే దెబ్బ తగిలింది లివర్ కణాలకే. ఆర్గానోఫాస్ఫేట్లు ఒంట్లోకి వెళ్తే తగ్గే రక్తంలోని ఎంజైము, ప్లాస్మా కోలినెస్టెరేజ్, మాత్రం కింది హద్దు కంటే కొంచెం తక్కువ ఉంది.

వాడే మందుల గురించి అడిగితే ముందు ఏమీ లేవన్నాడు. పక్కనే కూర్చున్న భార్య, "ఆ లివర్ క్యాప్సూల్స్ చెప్పవేంటి?" అంది. "అవి మందులు కాదు కదా డాక్టర్ గారూ, మొక్కలవి" అన్నాడు. మూడు నెలలుగా వేసుకుంటున్నాడట. పసుపు సారం, దాంతో మిరియాల సారం, గ్రీన్ టీ సారం కలిసిన క్యాప్సూల్. రోజుకి రెండు, మందు కొట్టే రోజు నాలుగు.

మొదటి నిర్ణయం, అందులో నా తప్పు

నా లెక్క ఇలా నడిచింది. ఆర్గానోఫాస్ఫేట్ల మధ్య పనిచేస్తున్నాడు, మందు కొట్టిన రోజే లక్షణాలు వస్తున్నాయి, కోలినెస్టెరేజ్ తగ్గింది, లివర్ ఎంజైములు పెరిగాయి. ఈ పురుగుమందులు లివర్‌లో ఆక్సిడేటివ్ స్ట్రెస్ (ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు కణాలని పాడుచేయడం) తెస్తాయని తెలిసిందే కాబట్టి నాలుగూ ఒకే తాడుకి కట్టేశాను. నాలుగు వారాలు స్ప్రే పనికి వెళ్లొద్దన్నాను.

వెళ్లబోతూ అడిగాడు, "మరి ఆ క్యాప్సూల్స్ ఆపాలా?" అని. "డబుల్ డోసు వద్దు, రోజుకి రెండైతే పర్లేదు" అన్నాను. ఎందుకలా అన్నానో నిజాయితీగా చెప్పాలి. మొక్కల సారమేగా, మేలు చేయకపోయినా కీడు చేయదులే అనుకున్నాను. విషం వల్ల దెబ్బతిన్న లివర్‌కి యాంటీఆక్సిడెంట్ కాస్త సాయపడొచ్చనే ఆశ కూడా లోపల ఉంది. పేషెంట్ "మొక్కలవి కదా" అన్నప్పుడు నవ్వుకున్న నేనే అదే మాట నమ్మి నిర్ణయం తీసుకున్నాను.

మూడున్నర వారాలకి వచ్చాడు. తలనొప్పి పోయింది, వికారం పోయింది, నిద్ర పడుతోంది. కానీ మూత్రం ముదురు రంగులో వస్తోందట. ఎస్‌జీపీటీ 486, బిలిరుబిన్ 1.8.

విషం తగ్గి లక్షణాలు తగ్గాయి, లివర్ మాత్రం ఇంకా దిగజారింది. ఇంకో అంకె కూడా లెక్కకి కుదరలేదు: ప్లాస్మా కోలినెస్టెరేజ్ ఒక్క పిసరు కూడా పెరగలేదు. ఆర్గానోఫాస్ఫేట్ వల్లే తగ్గి ఉంటే, మందుకి దూరంగా ఉన్న ఈ వారాల్లో అది పైకి రావాలి. అక్కడ ఆగి ఆలోచిస్తే తట్టింది, ఆ ఎంజైమును తయారుచేసేదే లివర్. లివర్ జబ్బుపడితే పురుగుమందు వాసన కూడా తగలని మనిషిలోనూ అది తగ్గుతుంది. లివర్ దెబ్బతిన్న మనిషిలో పురుగుమందు ప్రభావాన్ని దాంతో కొలవడం తప్పుడు తూకంతో తూయడమే. ఎర్ర రక్తకణాల్లో ఉండే అసిటైల్‌కోలినెస్టెరేజ్‌కి ఈ గొడవ లేదు, మొదటి రోజే దాన్ని పంపి ఉండాల్సింది. ఆ రోజు పంపాను. నార్మల్ హద్దుల్లోనే ఉంది గానీ అట్టడుగున. ఈ ఎంజైము మనిషికీ మనిషికీ బాగా తేడా ఉంటుంది కాబట్టి, అతని సొంత మామూలు స్థాయి తెలియకుండా "నార్మల్" అన్న ముద్రకి అర్థం లేదు.

సీసా తెప్పించి చూస్తే

సీసా తీసుకురమ్మన్నాను. లేబుల్ మీద మూడు మొక్కల పేర్లూ, కలిపి ఇంత బరువనీ ఉంది. ఏది ఎంతో లేదు. గ్రీన్ టీలోని ముఖ్యమైన యాంటీఆక్సిడెంట్ ఈజీసీజీ ఎంతుందో అసలే లేదు.

యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో తేల్చిన విషయం ఇక్కడ పనికొస్తుంది: సప్లిమెంట్ల రూపంలో రోజుకి 800 మిల్లీగ్రాములు, ఆపైన ఈజీసీజీ తీసుకున్నవాళ్లలో లివర్ ఎంజైములు పెరిగాయి. కప్పులో కాచుకుని తాగే టీ గురించి కాదు ఆ మాట, సారం గురించి. పసుపు కథ కూడా అలాంటిదే. పసుపులోని ముఖ్య పదార్థమైన కర్కుమిన్ మామూలుగా పేగుల్లోంచి రక్తంలోకి సరిగా ఎక్కదు. అందుకే క్యాప్సూళ్లలో మిరియాల్లోని పైపరీన్ కలుపుతారు. 1998లో మనుషుల మీద చేసిన ఒక ప్రయోగంలో దానివల్ల శోషణ 20 రెట్లు పెరిగింది. అమ్మేవాళ్లు దీన్ని గొప్పగా చెప్పుకుంటారు. నాకైతే అందులోనే ప్రమాదం కనిపిస్తోంది, ఎందుకంటే పైపరీన్ ఆ పని చేసేది లివర్, పేగులు బయటి పదార్థాలని మార్చి పంపేసే దారుల్ని అడ్డుకునే. ఇటలీలో 2019లో పసుపు సప్లిమెంట్లు వాడినవాళ్లలో హెపటైటిస్ కేసులు వరసగా బయటపడ్డాయి. అమెరికాలో మందుల వల్ల వచ్చే లివర్ జబ్బుల్ని నమోదు చేసే నెట్‌వర్క్ 2022లో పది పసుపు కేసులు వివరంగా ప్రచురించింది, అందులో ఏడుగురిలో హెచ్ఎల్ఏ-బీ35:01 అనే ఒకే రకం జన్యువు ఉంది. గ్రీన్ టీ సారం వల్ల దెబ్బతిన్నవాళ్లలోనూ అదే జన్యువు ఎక్కువ కనిపించింది. అంటే ఒకే సీసా ఎంతోమంది వాడితే చాలామందికి ఏమీ కాకపోవచ్చు, ఏ ఒక్కరికో కామెర్లు రావచ్చు. ఇది డోసు లెక్క ఒక్కటే కాదు, ఆ మనిషి ఒంటి తీరు కూడా.

మా పేషెంట్‌కి ఆ జన్యు పరీక్ష చేయించలేదు. ఉన్నా లేకపోయినా క్యాప్సూల్ ఆపాల్సిందే కాబట్టి దానికి డబ్బు పెట్టించడం అనవసరం అనిపించింది.

క్యాప్సూల్ ఆపాక

ఆ రోజే ఆపించాను, వారం వారం రక్తం చూశాను. మొదటి వారం టెన్షన్‌గానే గడిచింది. ఎస్‌జీపీటీ 450 దగ్గరే ఉంది, బిలిరుబిన్ 2.3కి ఎక్కింది. మందుల వల్ల వచ్చే లివర్ జబ్బులో ఎస్‌జీపీటీ నార్మల్ పై హద్దుకి మూడు రెట్లు దాటి, దాంతో బిలిరుబిన్ కూడా రెండు రెట్లు దాటితే పదిమందిలో ఒకరు చనిపోయే లేదా లివర్ మార్పిడి దాకా వెళ్లే ప్రమాదం ఉందని మేము లెక్కేసుకుంటాం. మా ల్యాబ్ హద్దు ప్రకారం అతను ఆ గీత అంచునే ఉన్నాడు. లివర్ స్పెషలిస్టుతో మాట్లాడాను. రక్తం గడ్డకట్టే టైము బాగుంది, మగత లేదు, మాట స్పష్టంగా ఉంది, కాబట్టి స్టెరాయిడ్లు వద్దు, లివర్‌ని కాపాడటానికి ఇచ్చే ఎన్-అసిటైల్‌సిస్టీన్ కూడా ఇప్పుడే వద్దు, కనిపెట్టి చూద్దాం అనుకున్నాం.

ఈలోగా ఇంకో క్యాప్సూల్ రాయమని భార్యాభర్తలిద్దరూ గట్టిగా అడిగారు. మిల్క్ థిజిల్ మొక్క నుంచి తీసే సిలిమరిన్ లివర్‌కి మంచిదని ఎవరో చెప్పారట. దానిలోని సిలిబినిన్‌ని విషపు పుట్టగొడుగులు తిన్నవాళ్లకి ఇంజెక్షన్‌గా ఇస్తారు, నిజమే. కానీ 2012లో హెపటైటిస్ సీ రోగుల మీద జరిగిన పెద్ద ట్రయల్‌లో ఎక్కువ డోసు సిలిమరిన్ కూడా ఎస్‌జీపీటీని ఉత్తుత్తి మాత్ర కంటే ఎక్కువ తగ్గించలేకపోయింది. నేను వద్దనడానికి అసలు కారణం ఇంకోటి. క్యాప్సూల్ ఆపితే తగ్గుతుందా లేదా అన్నదే ఇక్కడ మాకున్న ఒకే ఒక్క సాక్ష్యం. మధ్యలో ఇంకోటి కలిపితే, తగ్గినా పెరిగినా దేనివల్లో చెప్పలేం. "ఖాళీగా ఉండటం కూడా వైద్యమేనా?" అని ఆమె కొంచెం కోపంగానే అడిగింది. ఈ రెండు వారాలు అదే వైద్యం అని చెప్పాను.

మూడో వారానికి ఎస్‌జీపీటీ 230. దురద తగ్గింది, ఆకలి తిరిగొచ్చింది. పది వారాలకి అన్నీ నార్మల్. క్యాప్సూల్ మళ్లీ వేసి పరీక్షించే ప్రశ్నే లేదు.

ఆశ్చర్యంగా, ఎర్ర రక్తకణాల ఎంజైము కూడా ఈ పది వారాల్లో మెల్లగా ఎక్కుతూ పోయింది, మొదట చూసినదానికంటే దాదాపు మూడో వంతు పెరిగి అక్కడ నిలబడింది. ఆర్గానోఫాస్ఫేట్ గట్టిగా అతుక్కుపోయిన ఎంజైము మళ్లీ పనికిరాదు, పాత కణాలు పోయి కొత్త కణాలు రావాల్సిందే, అందుకే రోజుకి ఇంచుమించు ఒక శాతం చొప్పునే కోలుకుంటుంది. ఇలా ఎక్కడమే రుజువు: మొదటి రోజు ఆ మనిషిలో పురుగుమందు ప్రభావం కూడా నిజంగానే ఉంది. అంటే ఒకే మనిషిలో రెండు దెబ్బలు. తలనొప్పి, వికారం, నోట్లో నీళ్లు పురుగుమందువి. దురద, ఆకలి లేకపోవడం, కామెర్లు క్యాప్సూల్‌వి.

మరి ప్రయోగాల్లో ఈ మొక్కల సారాలు ఎలుకల లివర్‌ని కాపాడాయి కదా?

ఈ ప్రశ్న అతనూ అడిగాడు, చదువుకున్న స్నేహితులూ అడుగుతారు. ఎలుకల ప్రయోగాల్ని కొట్టిపారేయను. క్లోర్‌పైరిఫాస్ లాంటి మందు ఒంట్లోకి వెళ్లాక రెండు దారుల్లో హాని చేస్తుంది. లివర్ దాన్ని ఆక్సాన్ అనే ఘాటైన రూపంలోకి మారుస్తుంది, అది నరాల సందేశాలు మోసే అసిటైల్‌కోలిన్‌ని విరగ్గొట్టే ఎంజైమును బంధిస్తుంది. రెండోది, ఫ్రీ రాడికల్స్ పుట్టి కణాల పొరల్లోని కొవ్వుని పాడుచేస్తాయి, ఒంటి సొంత యాంటీఆక్సిడెంట్ అయిన గ్లుటాథియోన్ నిల్వలు కరిగిపోతాయి. పాలీఫెనాల్స్ అనే మొక్కల యాంటీఆక్సిడెంట్లు పనిచేసేది ఎక్కువగా ఈ రెండో దారి మీద. అందుకే ఎలుకల్లో కొవ్వు పాడైందని చూపే మాలోండైఆల్డిహైడ్ తగ్గడం, సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్, కెటలేజ్ లాంటి రక్షణ ఎంజైములు పెరగడం, మైక్రోస్కోపులో లివర్ బాగుపడినట్టు కనిపించడం నిజమే.

కానీ ఆ ఎలుకకి ఏం చేశారో చూడాలి. పురుగుమందు లెక్కకట్టి నోట్లో పోశారు, యాంటీఆక్సిడెంట్ దానికి ముందో, దాంతోపాటో ఇచ్చారు, అదీ చాలాసార్లు కిలో బరువుకి 100, 200 మిల్లీగ్రాముల చొప్పున. ఎలుక డోసుని మనిషికి మార్చడానికి 6.2తో భాగిస్తాం. 200 మిల్లీగ్రాములంటే 60 కిలోల మనిషికి రోజుకి దాదాపు 1,900 మిల్లీగ్రాములు. నెల రోజుల్లో ప్రయోగం అయిపోతుంది. మా పేషెంట్ ఏళ్ల తరబడి, కొలత లేని విషాన్ని, చర్మం గుండా తీసుకుంటున్నాడు. పైగా నరాల దగ్గర బంధించబడిన ఎంజైమును విడిపించడం యాంటీఆక్సిడెంట్ పని కాదు, అందుకు ఆక్సిమ్ మందులు ఉన్నాయి, అవి కూడా వేళకి ఇస్తేనే.

యాంటీఆక్సిడెంట్ అనగానే మేలే అనుకోవడం ఎంత ప్రమాదమో ఫిన్లాండ్ ట్రయల్ ఎప్పుడో చూపించింది. 29,133 మంది పొగతాగే మగవాళ్లు. మొక్కల్లో ఉండే బీటా కెరోటిన్‌నే మాత్రగా తీసుకున్నవాళ్లలో లంగ్ క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం ఎక్కువైంది. 1994లో ఆ ఫలితం వచ్చింది. పొగ మానకుండా మాత్రతో సరిపెట్టుకోవచ్చన్న ఆశకి అది సమాధానం. మా కేసు కూడా అలాంటి ఆశ మీదే నడిచింది.

పనిలోకి వెళ్లాక

క్యాప్సూల్ ఆపాక పన్నెండో వారంలో తిరిగి స్ప్రే పనికి వెళ్లాడు. వెళ్లే ముందు ఎర్ర కణాల ఎంజైమును రెండుసార్లు కొలిచి, ఆ సగటుని అతని సొంత వందగా పెట్టుకున్నాం. కాలిఫోర్నియా నిబంధనలు నాకు ఇక్కడ దారి చూపాయి: సొంత స్థాయిలో 80 శాతం కంటే తగ్గితే పనిచేసే తీరు పరిశీలించాలి, ఎర్ర కణాల ఎంజైము 70కి గానీ ప్లాస్మాది 60కి గానీ పడితే ఆ మందుల దగ్గర నుంచి తప్పించాలి, మళ్లీ 80కి చేరాకే పంపాలి.

మూడు వారాలకి 74 శాతం. లివర్ మాత్రం చక్కగా ఉంది. నిబంధన ప్రకారం చూస్తే తప్పించాల్సిన హద్దుకి ఇంకా రాలేదు, కానీ మూడు వారాల్లోనే ఇంత పడిందంటే ఆగడం నాకిష్టం లేకపోయింది. వేరే పనికి మార్పించి, పని సామాన్లు వేసుకుని అలాగే క్లినిక్‌కి రమ్మన్నాను.

ఈ కేసులో నేను ఎక్కువ నేర్చుకున్నది ఆ అరగంటలోనే. గ్లౌజులు వేసుకుంటున్నానన్నాడు, నిజమే. తిరగేయమన్నాను. లోపల గుడ్డ లైనింగ్, వేళ్ల చివరల దగ్గర గోధుమరంగు మరకలు, ముక్కు దగ్గరికి తెస్తే మందు వాసన. నాజిల్ మూసుకుపోయినప్పుడల్లా గ్లౌజు తీసి వేళ్లతో విప్పి, అదే తడి చేతిని మళ్లీ గ్లౌజులో పెడుతున్నాడు. దాంతో గ్లౌజు రక్షణ పోయి, రోజంతా చర్మానికి మందు పట్టీ కట్టినట్టయింది. స్ప్రేయర్ ట్యాంకులో నీళ్లు పోసి వీపుకి ఎక్కించుకుని వంగమంటే, మూత వాషర్ దగ్గర నుంచి సన్నటి చార కారి మెడ వెనక నుంచి చొక్కాలోకి దిగింది. "ఎండకి చెమటనుకున్నాను సార్" అన్నాడు. క్యాప్సూల్స్ మొదలుపెట్టాక ఏప్రాన్ మానేశానని కూడా అప్పుడే చెప్పాడు, లోపల రక్షణ ఉంది కదా అని.

వాషర్ మార్చాడు. లైనింగ్ లేని నైట్రైల్ గ్లౌజులు, నాజిల్ కోసం చిన్న బ్రష్, జేబులో ఒక స్పేర్ నాజిల్. గ్లౌజులు తీసే ముందు వాటి మీదే సబ్బుతో కడుక్కోవడం. ఏప్రాన్ మళ్లీ. పని బట్టలు ఇంటి బట్టలతో కలపకుండా విడిగా ఉతకడం. నాలుగు వారాలకి ఎంజైము 91 శాతం దాటింది, స్ప్రే పనికి పంపాను. సీజన్ చివర్లో కూడా 90 దగ్గరే నిలిచింది. ఒక్క క్యాప్సూల్ లేకుండా.

ఇప్పుడు నా దగ్గరికొచ్చే వాళ్లని "మందులేమైనా వాడుతున్నారా" అని అడగడం మానేశాను. "విషం తగలకుండా ఏం జాగ్రత్త పడుతున్నారు, ఏం మింగుతున్నారు, ఏం తాగుతున్నారు" అని అడుగుతాను, అప్పుడు సీసా బయటికొస్తుంది. సీజన్ మొదలుకాకముందే ఎర్ర కణాల ఎంజైము కొలిచి పెడుతున్నాను. గ్లౌజులు తెమ్మంటాను, తిరగేసి చూస్తాను.

పోయిన వారం అతను తనతో పనిచేసే ఇద్దరిని వెంటబెట్టుకొచ్చాడు. ఇద్దరూ అదే సీసా వాడుతున్నారు, అతని మాట మీదే మొదలుపెట్టారట, ఆ సంగతి చెప్పేటప్పుడు తల ఎత్తలేదు. ఇద్దరి చేతా ఆపించాను. ఒకరి ఎస్‌జీపీటీ నార్మల్‌గా ఉంది, రెండో అతనిది 96. వచ్చే వారం మళ్లీ చూస్తాను.